వాకిట్లో దగ్గు

పరపతి మార్కులు లేనిదే బస్సు తలుపైనా తెరుచుకోని రోజులవి. ఆ ఉదయం చీరాల బస్సు హైమావతిని ఎక్కించుకోలేదు. ఎవరో వసూళ్ల కంపెనీవాళ్లు వారంలో పదకొండుసార్లు ఆమె అప్పుల చిట్టా తెరిచి చూశారట. చూసిన ప్రతిసారీ ఒక మార్కు పోయింది.

హైమావతి మండిపడుతూ ఫిర్యాదుల యంత్రం ముందు కూర్చుంది.

"నేనెవరికీ బాకీ లేను. నన్నడక్కుండా చూడ్డానికి వాళ్లెవరు?"

"వాళ్లు చూసిన లెక్కలన్నీ కొట్టేస్తున్నానమ్మా, పోయిన మార్కులు తిరిగొస్తాయి. ఇకమీదట వాళ్లను మీ అనుమతి ఎలా అడగమంటారు?" అంది యంత్రం.

ఆమెకు చిన్నప్పుడు ఇంటికొచ్చే మస్తాన్ గుర్తొచ్చాడు. నాన్న చేసిన మగ్గం అప్పు వసూలుకు వచ్చేవాడు. వాకిట్లోనే సైకిలు ఆపి, చెప్పులు విడిచి, గట్టిగా దగ్గేవాడు. అమ్మ కొంగు సర్దుకునేదాకా తల పక్కకు తిప్పుకుని నిలబడేవాడు. డబ్బు లేదంటే మజ్జిగ తాగి వెళ్లిపోయేవాడు.

"వాకిట్లో నిలబడి దగ్గమను. రమ్మంటేనే లోపలికి రమ్మను!" అంది విసురుగా.

యంత్రం అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం పప్పుకు పోపు పెడుతుంటే వాకిట్లో ఎవరో దగ్గారు. కంపెనీ బిళ్ల తగిలించుకున్న నడివయసు మనిషి, చెప్పులు విడిచి, తల పక్కకు తిప్పుకుని నిలబడి ఉన్నాడు.

"మీ పేరున్న ఇంకొకావిడ బాకీ పడిందమ్మా. ఆవిడ మీరు కాదని తేల్చుకోవాలి. ఒక్కసారి మీ చిట్టా చూడొచ్చా?"

"వీల్లేదు," అంది హైమావతి. అని, అమ్మ మస్తాన్‌కు వాల్చినట్టే పీట వాల్చింది.

"ఎండన పడొచ్చావు, కూర్చో నాయనా. మజ్జిగ తాగి వెళ్దువుగాని."