గుమ్మడికాయ కొట్టని సినిమా

ఫిల్మ్‌నగర్ ఎడిటింగ్ గదిలో, సినిమా మొత్తం దాచిన సర్వర్ మూడోసారి బిగుసుకుపోయింది. తెల్లారేలోగా కాపీ వెళ్లకపోతే రిలీజ్ ఆగిపోతుంది. భారం తగ్గుతుందేమోనని ఎడిటర్ వర్ణిక దానికి తగిలించిన కంప్యూటర్ల కేబుళ్లన్నీ పీకేసింది. అయినా సర్వర్‌లోకి ఏదో ఫైలు ఎక్కుతూనే ఉంది. దాని పేరు సీను తొంభై ఒకటి. సినిమాలో ఉన్నవి తొంభై సీన్లే.

అసిస్టెంట్ డైరెక్టర్ అరవింద్‌కి ఫోన్ చేసింది.

"షూటింగ్ ఇంకా మిగిలుందా, అరవింద్?"

"లేదక్కా, అయిపోయి వారమాయె. వానొచ్చి గుమ్మడికాయ ఒక్కటే కొట్టలే."

"అది కొడితేనే కదయ్యా షూటింగ్ ముగిసినట్టు!"

"గిప్పుడు దాని ఫికర్ ఏందక్కా?" అని నవ్వి, అంతలోనే ఆగాడు. "గా ముచ్చట సరే గానీ, నీ ఎనక క్లాప్‌బోర్డు కొట్టిందెవరు?"

గది గడియ లోపలినుంచి ఆమే పెట్టుకుంది. వెనక్కి తిరగలేక సర్వర్ తెరనే చూస్తూ ఉండిపోయింది. సీను తొంభై రెండు ఎక్కడం మొదలైంది.