ఆదివారం సాక్ష్యం

"కోరికుంటాది, అంతా బాగానే ఉంటాది సార్. ఎంతసేపైనా వీర్యం మాత్రం రాదు," అని కృపాదానం డాక్టరుకు కాక గోడమీది క్యాలెండరుకు చెప్పాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు డాక్టరు మొహిద్దీన్.

"ఆర్నెల్లు," అని భార్య ఏంజెలిన్ అందుకుంది. "ఈయనకి నా మీద మనసు పోయింది సార్. అందుకే చర్చిలో ప్రార్థన చీటీ వేసినా."

కృపాదానం క్యాలెండరు వదిలి ఆమె వైపు తిరిగాడు. "చీటీలో ఏం రాసినావే?"

"చెప్పుకోలేని సమస్య అని రాసినా. ప్రతి ఆదివారం సంఘమంతా మోకాళ్ళూని ప్రార్థన చేస్తా ఉండారు."

ఆమె అటు తిరిగి పడుకుంటే కోపమనుకున్నాడు గానీ, ఇంత దిగులని కృపాదానానికి తెలియదు.

డాక్టరు నవ్వాపుకున్నాడు. "మాత్రలేమైనా వాడుతున్నారా?"

"వైరసొచ్చి రొయ్యల గుంట పోయినప్పుడు దిగులుకని ఒకటిచ్చినారు. రోజూ నేనే దగ్గరుండి మింగిస్తా. ఆర్నెల్లలో ఒక్కరోజు తప్పితే ఒట్టు!" అంది ఏంజెలిన్ గొప్పగా. అని, విశ్వాసులు ఒట్టు పెట్టకూడదని గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.

"అదేనమ్మా. ఆ మాత్రతో కొందరికి ఇట్లా అవుతుంది. మనసు పోయి కాదు. మీ అంతట మీరు ఆపొద్దు, రాసిన డాక్టరుతో మాట్లాడి మారుద్దాం."

బయటికి రాగానే కృపాదానం గొణిగాడు. "ప్రార్థన ఫలిస్తే అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాలి కదే! ఏమని చెప్తావు?"

ఆర్నెల్ల తర్వాత మొదటిసారి ఏంజెలిన్ అతని చెయ్యి పట్టుకుంది.

"ముందు తీరనీ. చెప్పుకోలేనంత బాగా తీరిందని చెప్తా."