మూడొందల ఏళ్ళ మాట

"ఇదిగోనండీ, మీ మాట!" అంటూ పుష్పలత పుస్తకం తెరిచి చూపించేసరికి, షహనాజ్ చేతిలో గ్లాసులోని టీ తొణికి చీర మీద పడింది.

పుష్పలత తాడేపల్లిగూడెం కాలేజీలో తెలుగు చెబుతుంది. ఏలూరులో తివాచీలు నేసేవాళ్ళ ఇల్లిల్లూ ఏడాదిపాటు తిరిగి, వాళ్ళ పనిలో మాటలన్నీ ఏరి పుస్తకం వేసింది. ఇప్పుడు వేలు పెట్టి మరీ చదివింది.

"జిరుకు. కత్తిరించిన తివాచీని ఎదురు నిమిరితే అరచేతికి తగిలే సన్నని గరుకు. పార్సీ మాట. మూడు వందల ఏళ్ళ నాటిది."

"మూడొందల ఏళ్ళాండీ!" షహనాజ్ గ్లాసు కింద పెట్టేసింది.

"ఆదివారం సభ పెట్టామండీ. కలెక్టరు గారొస్తున్నారు. మీరు మైకు పట్టుకుని ఈ మాట ఎలా పుట్టిందో నాలుగు ముక్కలు చెప్పాలి. శాలువా కప్పుతారు."

"నేను రాలేనండీ. మోకాళ్ళు."

"కారు పంపిస్తాను."

"దగ్గు కూడానండీ."

"మీకు దగ్గెక్కడిదండీ? ఇంతసేపట్నుంచీ ఒక్కసారైనా దగ్గలేదు."

"ఆదివారానికి వస్తుందండీ."

పుష్పలత నవ్వింది. షహనాజ్ నవ్వలేదు. పక్క గదిలో ఆమె భర్త నబీ మగ్గం మీద ఉన్నాడు. ఇనుప దువ్వెనతో పోగులు కిందికి కొడుతున్న చప్పుడు టకటకమని వినిపిస్తోంది. ఆమె అటొకసారి చూసి, లేచి మధ్య తలుపు దగ్గరికి వేసింది. వచ్చి, పుష్పలత పక్కనే చాప మీద ఒదిగి కూర్చుంది.

"మేడం గారూ, మీకు దణ్ణం పెడతాను. ఆ మాట కొట్టేయండి."

"అచ్చయిపోయిందండీ! అయిదు వందల కాపీలు. ఎందుకు కొట్టేయాలి?"

"ఆ రోజు మీరు ఎండన పడి వచ్చారు. ఒక వైపు మెత్తగా ఉండి, ఎదురు నిమిరితే గుచ్చుకుంటుందే, దాన్నేమంటారూ అని అడిగారు. మేం గరుకనే అంటామండీ. కానీ మీరు పెన్ను పట్టుకుని నా మొహంలోకే చూస్తున్నారాయె. మూడు తరాలుగా నేస్తున్నవాళ్ళం, ఓ మాట కూడా లేదంటే ఏం బాగుంటుందని, నోటికొచ్చింది చెప్పేశాను."

పుష్పలత మొహం పాలిపోయింది. "అంటే, కల్పించారా?"

"కల్పించలేదండీ. ఆ మాట ఉంది. కానీ అది తివాచీది కాదు."

"మరి దేనిదండీ?"

షహనాజ్ కొంగు మొహం మీదికి లాక్కుంది. అరవై దాటిన మనిషి, ముగ్గురు అల్లుళ్ళకి అత్తగారు. చెవులు మాత్రం కొత్త పెళ్ళికూతురికి కందినట్టు కందిపోయాయి.

"పెళ్ళయిన కొత్తలో మా ఆయన రెండ్రోజులకోసారి గడ్డం గీసుకునేవారండీ. రెండో రోజు ఆ బుగ్గ... దానికి నేను పెట్టుకున్న పేరండీ జిరుకు. మూడొందల ఏళ్ళెక్కడివి, నలభై రెండేళ్ళు. మా ఇద్దరికి తప్ప నరమానవుడికి తెలియదు. అల్లుళ్ళ ఎదురుగా ఆ మాట మైకులో చెప్పమంటారా? కలెక్టరు గారు కూడా అనేస్తారే! మా ఆయన వింటే ఇంక నా మొహం చూస్తారా? పరువు తీసేశాను మేడం గారూ, ఇంటాయన పరువు తీసేశాను."

 పుష్పలత పుస్తకంలో ఆ పేజీ మళ్ళీ తీసింది, మూసింది, మళ్ళీ తీసింది.

"మరి పార్సీ అని నాతో ఎందుకన్నారు?" తనలో తను అనుకున్నట్టు అంది.

"నేననలేదండీ! పార్సీ ఏంటో నాకేం తెలుసు?"

"మీరు కాదులెండి."

పక్క గదిలో టకటక ఆగిపోయింది.

పుష్పలత ఆ మూసిన తలుపు వైపు చూసి, గొంతు బాగా తగ్గించింది. "ఆ రోజు మీ గడప దిగి వెళుతుంటే వీధి మలుపులో నబీ గారు ఎదురయ్యారండీ. మీ ఆవిడ జిరుకు అన్నారు, అదెక్కడి మాటండీ అని అడిగాను. ఆయన ఉలిక్కిపడి అటూ ఇటూ చూశారు. తర్వాత, పార్సీ మాటండీ, మూడొందల ఏళ్ళ నాటిదండీ అనేసి, బుగ్గ తడుముకుంటూ గబగబా వెళ్ళిపోయారు."