చెరిపేవాడి పేరు

“మళ్లీ పోయినయ్,” అన్నాడు బ్రహ్మయ్య, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. “ఇరవై రెండు పడవలు. చెరిపినవాడి పేరు పక్కనే పడింది, చూడమ్మా.”

కరుణ తెరలోకి చూసింది. ప్రతి చెరుపు పక్కనా ఒకటే పేరు. యోబు.

తొంభై అయిదులో సంగతి. తెనాలి స్టేషన్ రోడ్డులో, మేడ మీద, బ్రహ్మయ్య కంప్యూటర్ ఆఫీసు. ఇక్కడ కరుణ, బాపట్లలో నాంచారయ్య, రేపల్లెలో యోబు. ముగ్గురూ ఫోను లైన్ల మీద ఒకే పేజీలోకి వచ్చి ఒకే ప్రోగ్రాం రాసేవాళ్లు. ఒకరు కొట్టిన అక్షరం మిగతా ఇద్దరికీ కనబడేది. ఆ పేజీని ‘గది’ అనుకునేవాళ్లు. గదిలో ఎవరుంటే వాళ్ల పేరు తెర పైఅంచున వెలుగుతుంది.

వేట పడవల సంఘం కోసం రాస్తున్న ప్రోగ్రాం అది. వాయుగుండం పట్టిందంటే ఏ పడవ సముద్రం మీద ఉందో, ఎవరికి కబురు పెట్టాలో చెప్పాలి. జాబితాలో పేరు లేని పడవకు కబురు లేదు. అలాంటిది, వారానికి పైగా మధ్యాహ్నం భోజనాల వేళ, మూడు ఊళ్లలోనూ అందరూ లేచాక, పేర్లు పోతున్నాయి. కింది నుంచి పైకి, తాపీగా, ఎవరో కొరుక్కుంటూ పోతున్నట్టు. కాగితాలు ముందేసుకుని సాయంత్రం దాకా మళ్లీ ఎక్కించడం, మర్నాటికి మళ్లీ పోవడం.

ఫోనులో నాంచారయ్య అరుస్తున్నాడు. “ఇయాళ మా అన్న పడవ కూడా లేపేశాడండి! మామీద ఏం కడుపుమంటండి వాడికి?”

“రేపు ఇక్కడికే పిలిపిస్తా. తేల్చేస్తా,” అన్నాడు బ్రహ్మయ్య.

కరుణకు మింగుడుపడలేదు. యోబుది భట్టిప్రోలు. వాళ్ల నాన్న జ్ఞానానందం కూలికి పోయి చదివించాడు. కొడుక్కి ఉద్యోగం వచ్చిందని ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెబుతూ మధ్యలో మాట రాక కూర్చుండిపోయాడట. పది రోజుల కిందట యోబు తెనాలి వచ్చి, కరుణ పక్కనున్న రెండో కంప్యూటర్ ముందు కూర్చుని, తన పేరుతో గదిలోకి వెళ్లి, కొత్త పద్ధతి ఓపిగ్గా నేర్పాడు. రేపల్లె ప్యాసింజరు కూత వినబడగానే, తెచ్చిన టీ కూడా ముట్టకుండా, ఎక్కడిదక్కడే వదిలేసి లేచి పరుగెత్తాడు. తర్వాత ఆ కంప్యూటర్ని ఎవరూ వాడలేదు. దుమ్ము పడకుండా కరుణే తను కుట్టిన పూలగుడ్డ తెచ్చి కీబోర్డుతో సహా కప్పింది.

ఒంటిగంటకు అందరూ హోటలుకు దిగిపోతే ఆమె ఒక్కతే మిగిలేది. బల్ల మీద క్యారేజీ విప్పి, పులుసు చిందుతుందని బరువైన బైబిలు తీసి ఆ పూలగుడ్డ మీద పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేది. తర్వాత కిటికీ వైపు తిరిగి అన్నం తినేది. ఈ గొడవ మొదలయ్యాక రోజూ యోబు కోసం కూడా ప్రార్థిస్తోంది.

మర్నాడు యోబు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది.

“కూర్చో అబ్బాయ్,” అన్నాడు బ్రహ్మయ్య. “చేతులు బల్ల మీద పెట్టు. ఒంటిగంట నుంచి రెండింటి దాకా నా కళ్ల ముందే. ఈలోపు పేర్లు పోతే నువ్వు కాదు. పోకపోతే నువ్వే.”

“అట్టాగేనండి.”

బ్రహ్మయ్య తెర పైఅంచున వేలు పెట్టాడు. “ఇదేంటి? నువ్విక్కడుంటే నీ పేరు గదిలో ఎందుకుంది?”

యోబు ముఖం పాలిపోయింది. “రేపల్లెలో మూసే వచ్చానండి. ఆఫీసుక్కూడా తాళం వేశా.”

“మూస్తే పేరుంటదా?”

యోబు చేతులు బల్ల మీద పెట్టాడు.

కరుణ ఆ రోజు క్యారేజీ విప్పలేదు. బైబిలు గుండెలకు హత్తుకుని యోబు వెనకాల నిలబడింది. ఇన్నాళ్లూ పేర్లు పోకూడదని అడిగిన మనిషి, పోనీ ప్రభువా, ఒక్క పేరైనా పోనీ అని అడుక్కుంది. గోడ గడియారం ఒంటిగంటన్నర కొట్టింది. ముప్పావు దాటింది. తెర కదల్లేదు. రెండు కొట్టింది.

“ఇంకేం చెబుతావ్?” అన్నాడు బ్రహ్మయ్య.

యోబు జేబులోంచి రేపల్లె ఆఫీసు తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. “అక్కా, నువ్వన్నా నమ్ముతున్నావా?”

నమ్ముతున్నాననబోయి కరుణ తెర వైపు చూసింది. గంటసేపు ఒక్క పేరూ పోలేదు మరి.

“ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్లనక్కా,” అని మెట్లు దిగిపోయాడు. సంఘం వాళ్లకు చెప్పొస్తానని బ్రహ్మయ్య కూడా వెళ్లాడు.

మేడ మీద కరుణ మిగిలింది. ఆకలి చచ్చిపోయినా అలవాటుగా క్యారేజీ విప్పింది. బైబిలు ఎప్పటిలా పూలగుడ్డ మీద పెట్టింది. కళ్లు మూసుకుని, యోబు కోసం చాలాసేపు అడిగింది. స్టేషన్ వైపు నుంచి రేపల్లె బండి కూత వినబడింది.

కళ్లు తెరిచింది. తెర మీద పడవలు ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి. పక్కన యోబు పేరు.

మెట్ల వైపు చూసింది. ఎవరూ లేరు. ధైర్యం కోసం పూలగుడ్డ మీది బైబిలు చేతుల్లోకి తీసుకుంది.

చెరుపు ఆగిపోయింది.