వస్తానన్న మాట

ఏటా మందల మధ్య పరుగు పందెం జరిగే ఆ అడవిలో ఒక కట్టుబాటుంది. ఒక మంద తరఫున పరిగెడతానని ఇచ్చిన మాట, ఆ మంద తొలకరి బురదలో గిట్ట ముద్ర వేసేదాకా చెల్లదు.

గాలిలా పరిగెత్తే లేడిపిల్ల చెంగికి మనసంతా కొండ మంద మీదే. అయినా ఏటిగట్టు మంద తమతో చేరమని పిలిస్తే మర్యాదకు వెళ్లి, కడుపునిండా మేసి, ఆ మంద పెద్ద దుప్పితో "వస్తాను మామా" అని సెలవు తీసుకుంది.

తొలకరి పడగానే చెంగి వెళ్లి కొండ మంద బురదలో హాయిగా గిట్ట మోపింది. అంతలో ఏటిగట్టు పెద్ద దుప్పి రొప్పుతూ వచ్చాడు.

"వస్తానన్నావుగా!"

చెంగి తలెత్తి చూసింది. "ఇంటికి బయల్దేరుతూ 'వెళ్తాను' అని ఎవరైనా అంటారా మామా?"

దుప్పి నాలిక్కరుచుకున్నాడు, ఆనక పకపకా నవ్వాడు. "నిజమే తల్లీ. సరే, వస్తాను."

కొండ మంద అవ్వ చప్పున పక్కకు జరిగింది. "రా నాయనా, బురద ఇంకా తడిగానే ఉంది!"