మావగారి నిమిషం

“మౌనం పాటించేటప్పుడు వాచీ చూసుకోకండేం అల్లుడుగారూ. మా ఊళ్ళో బాగోదు,” అన్నాడు సుబ్బరాజు.

జగన్మోహనరావు వాచీ మీదికి చొక్కా చెయ్యి లాక్కున్నాడు. “మరి నిమిషం అయిందని నాకెలా తెలుస్తుందండీ?”

“మీ మావగారికెలా తెలిసేదండీ? కళ్ళు మూసుకుని నిలబడేవారు. కాస్సేపటికి ఉన్నట్టుండి ఉలిక్కిపడేవారు. పోయినవాళ్ళ ఆత్మ ఆయన్ని తాకి వెళ్ళేదండి. వెంటనే కళ్ళు తెరిచి ‘ఆయ్, ఇంక కూర్చోండి’ అనేవారు. గడియారం చూస్తే సరిగ్గా నిమిషం.”

“ఎవరు పోయినా తాకేదా?”

“ఆయ్. మునసబుగారైనా సరే, రేవులో పడవవాడైనా సరే. ఆయనకి తేడా లేదు కదండీ.”

ఆత్మలకి గడియారం ఎక్కడిదండీ అని నోటిదాకా వచ్చింది జగన్మోహనరావుకి. అత్తవారి ఊళ్ళో, అందులోనూ సంతాపసభలో, అడగాల్సిన మాట కాదని మింగేశాడు.

ముక్తేశ్వరంలో ఎవరు పోయినా సభ పెట్టించేదీ, మైకు తెప్పించేదీ, మౌనం పాటింపజేసేదీ సుందరరామయ్యగారే. ఇప్పుడు ఆయనే పోయారు. మగపిల్లలు లేరు గనక ఆ పని పెద్దల్లుడు చెయ్యాలని ఊరు తీర్మానించింది. గ్రంథాలయం అరుగు మీద, కిటికీకి వీపు పెట్టి, మావగారు ఎప్పుడూ నిలబడేచోటే జగన్మోహనరావుని నిలబెట్టారు. కిటికీ అవతల గదిలో ఆడవాళ్ళు కూర్చున్నారు. కిటికీ పక్కనే, ప్రతి సభకీ కూర్చునేచోటే, అత్తగారు మీనాక్షమ్మ.

పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆవిడ అల్లుడి ఎదటపడి మాట్లాడింది లేదు. పొద్దున్న తలుపు చాటునుంచే అన్నారు. “ఈ ఊరు మీ మావగారిని ఒక్క మాట అనలేదు బాబూ. ఇవాళ ఆ పేరు మీరు నిలబెట్టాలి.”

అప్పట్నుంచీ జగన్మోహనరావుకి కాఫీ కూడా దిగలేదు.

కొబ్బరి వ్యాపారం చేసే దొరబాబు మైకు పట్టుకున్నాడు. “కలరా వచ్చినప్పుడు ఇంటింటికీ తిరిగి సూదులేయించేరండి. కాలవ మీద వంతెన కోసం అమలాపురం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగిపోయేయి. ఇంట్లో తన పిల్లకి జ్వరమొస్తే తెల్లవార్లూ ఒళ్ళో వేసుక్కూర్చుని, పొద్దున్నే మా గట్టుతగువు తీర్చడానికి వచ్చేసేరు. అసలా మహానుభావుడు నిద్రపోగా చూసినవాడు ఈ ఊళ్ళో ఎవడైనా ఉంటే చెయ్యెత్తండి.”

ఎవరూ ఎత్తలేదు. కిటికీ అవతల మీనాక్షమ్మ చిన్నగా దగ్గారు.

“ఇప్పుడు ఒక నిమిషం మౌనం,” అన్నాడు దొరబాబు. అందరూ లేచారు. జగన్మోహనరావు కళ్ళు మూసుకుని మనసులో అంకెలు లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఇంతలో రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. లెక్క తప్పింది.

ఒక కన్ను కొద్దిగా తెరిచాడు. సభ చూసి డ్రైవరు ఇంజన్ ఆపేశాడు. కండక్టరు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ప్రయాణికులు ఒక్కొక్కరే దిగి బస్సు పక్కన వరసగా నిలబడ్డారు. వాళ్ళ వెనక సైకిళ్ళు ఆగాయి. ఎదురుగా కొబ్బరిచెట్టు ఎక్కుతున్న వెంకన్న సగంలోనే ఆగిపోయి, మానుని కావలించుకుని తల వంచుకున్నాడు.

నిమిషం అయిందా, కాలేదా? ముందే కూర్చోమంటే అల్లుడికి తొందరెక్కువంటారు. అది అత్తగారి చెవిన పడుతుంది. ఇంకాస్త ఆగితే నష్టం లేదనుకున్నాడు జగన్మోహనరావు. గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

ఏదో నములుతున్న చప్పుడు. మళ్ళీ ఒక కన్ను తెరిచాడు. మేకపిల్ల ఒకటి అరుగెక్కి మావగారి ఫోటోకి వేసిన దండ తింటోంది. మౌనం కదా, ఎవరూ అదిలించలేదు. సుబ్బరాజు ముక్కు మీద ఈగ వాలింది. ఆయన ముక్కుని అటూ ఇటూ తిప్పుతున్నాడే గాని చెయ్యెత్తలేదు. చెట్టు మీద వెంకన్న మెల్లగా కిందికి జారుతున్నాడు. అయినా తల ఎత్తలేదు. కడుపులోంచి తన్నుకొచ్చే నవ్వుని పళ్ళబిగువున ఆపుకుని జగన్మోహనరావు కళ్ళు మూసుకున్నాడు. వాచీ కట్టుకున్న చెయ్యి బరువెక్కిపోతోంది. ఇంక మావగారే దిక్కు.

‘మావగారూ, నమ్మనందుకు క్షమించండి. మీరు ఉంటే ఒక్కసారి తాకండి. ముక్తేశ్వరస్వామికి కొబ్బరికాయ కొడతాను.’

నడుం మీద చురుక్కుమంది.

ఎగిరిపడ్డాడు. నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది. “ఆయ్, ఇంక కూర్చోండి.”

సభంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. సుబ్బరాజు ముందు ఈగని తోలి, తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. ప్రయాణికులు ఎక్కగానే బస్సు కదిలింది. వెంకన్న చెట్టు మొదట్లో కూలబడ్డాడు. దొరబాబు మేకపిల్లని దింపి, మైకు వైపు తిరిగి అన్నాడు. “అందరూ చూసేరు కదండీ. అదే ఉలికిపాటు. సుందరరామయ్యగారు వచ్చి అల్లుడుగారిని తాకి వెళ్ళేరండి.”

జగన్మోహనరావుకి ఒళ్ళు గగుర్పొడిచింది. చదువుకున్నానని అన్నింటికీ ప్రశ్నలు వెయ్యడం తన బుద్ధితక్కువనుకున్నాడు. నడుం ఇంకా మండుతూనే ఉంది. సగం దండతో నవ్వుతున్న మావగారి ఫోటోకి రెండు చేతులూ జోడించాడు.

అప్పుడు వెనక కిటికీ ఊచల్లోంచి మీనాక్షమ్మ గొంతు మెల్లగా వినిపించింది.

“ఏమీ అనుకోకండి బాబూ, మీరూ నిద్రపోయేరనుకుని గిల్లేను. మీ మావగారికి అలా అయితేగాని మెలకువ వచ్చేది కాదు.”