ఇంజను ఆపాక

"ఇంజనీరుగారూ, ముందు కాస్త టీ తాగండి!" గ్రావెల్ క్వారీ యజమాని ఎదురెళ్ళాడు.

జీపు దిగిన ఆవిడకి యాభై దాటి ఉంటాయి. నెత్తిన హెల్మెట్, చేతిలో తాళంచెవి. జీపుని మాత్రం తవ్విన గట్టుకి బాగా దూరంగా, ముక్కు రోడ్డువైపు తిప్పి ఆపింది. ఏదో చెప్పబోయి, గట్టుకేసి చూసి ఆగిపోయింది. మూడంతస్తుల మేడంత ఎత్తు. దాని అడుగున పొక్లెయిన్ తవ్వుతోంది.

"నడుపుతున్నదెవరు?"

"మా తమ్ముడేనండీ. వాడు తవ్వితే గోడ కట్టినట్టుంటుంది."

"రాళ్ళు రాలుతున్నాయే?"

"మిషన్ అదురుకి రాలవా అండీ మరి!"

"ఓసారి ఆపమనండి."

పొక్లెయిన్ ఆగింది. ఆవిడ కళ్ళు మూసుకుని వింది. గులకరాళ్ళు ఒకటీ అరా రాలుతూనే ఉన్నాయి.

"ఇంజను ఆపాక కూడా చప్పుడొస్తోందంటే లోపలేదో కదులుతోందన్నమాట. వాన లేకుండా అడుగున ఆ తడేమిటి? పైన కంచె రాటలు చూడండి, వరస తప్పాయి. మీ తమ్ముణ్ణి ఇవతలికి పిలవండి."

"పరికరం పెట్టి చూడకుండానేనా? అవతల లారీలు కాచుకునున్నాయి, పని ఆగితే నా కొంప మునుగుతుందండీ. పోనీ, కాగితం మీద రాసివ్వండి."

"కాగితం తర్వాత. ముందు మనిషి."

యజమాని నసుగుతూ నిలబడ్డాడు. ఆవిడ మాట పెంచలేదు. పరుగున వెళ్ళి జీపు హారన్ మీద చెయ్యేసి, తియ్యకుండా మోగించింది. ఆ గోలకి హడలిపోయిన తమ్ముడు మిషన్ మీంచి దూకి, "ఏమైంది అన్నయ్యా?" అంటూ పరిగెత్తుకొచ్చాడు.

అన్నయ్య నోరు తెరిచేలోపే గట్టు సగం విరుచుకుపడింది. దుమ్ము తగ్గాక చూస్తే పొక్లెయిన్ బకెట్ పళ్ళు మాత్రం పైకి కనిపించాయి.

యజమాని తమ్ముణ్ణి వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. తర్వాత ఆవిడకి రెండు చేతులూ జోడించాడు. టీ తాగి, రిజిస్టరు చూసి, వెళ్ళిపోయే ఆఫీసర్లే ఇన్నాళ్ళూ వచ్చారు. గట్టు మాట విన్నది ఈవిడొక్కతే.

"ఏం చదువమ్మా మీది! ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఇరవై ఏళ్ళుగా ఇలాంటి క్వారీలే తిరుగుతున్నాను. చూసి చూసి అలవాటైంది."

యజమాని భక్తిగా రిజిస్టరు తెరిచి ముందుకు చాపాడు. "మీరేం రాస్తే అదే శిరోధార్యం. సంతకం పెట్టండి, ఇంజనీరుగారూ."

ఆవిడ క్వారీ గుంతకి అవతలి ఒడ్డుకేసి చెయ్యి చూపించింది. అక్కణ్ణుంచి ఒకాయన, మూడుకాళ్ళ స్టాండు భుజాన వేసుకుని, పడుతూ లేస్తూ దిగొస్తున్నాడు.

"సంతకం సారు పెడతారు. పైనుంచి కొలవాలని మలుపులోనే దిగిపోయారు."

"మరి మీరు?"

"నేను జీపు డ్రైవర్నండీ."